బోర్డులు వేసిన పడవ

మే నెల చివరి శనివారం పొద్దున మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: తాత, నేను, మొదటి ఫెర్రీకి అవతలి ఒడ్డు నుంచి మా దీవికి వచ్చిన లొరేన్ పెద్దమ్మ, పక్క రేవు డ్యూయీ, అతని వెంట వచ్చి బల్ల కింద పడుకున్న అతని కుక్క. అమ్మ లేదు. అమ్మ ఇనుపరాయి మోసే ఓడలో వంట చేస్తుంది. మార్చిలో మంచు కరిగాక ఓడెక్కితే మళ్ళీ జనవరికి గాని దిగదు. ఆ వేళప్పుడు సుపీరియర్ సరస్సులో ఎక్కడో ఇరవై రెండు మందికి గుడ్లు వేయిస్తూ ఉండి ఉంటుంది.

నేను పొయ్యి దగ్గర నిలబడి బంగాళదుంపలు వేయిస్తున్నాను. మాట్లాడాల్సిన పని లేకుండా అందరి మధ్యా ఉండాలంటే మా ఇంట్లో అదే మంచి చోటు.

"ఆగస్టులో నీ లైసెన్సు గడువు అయిపోతోంది నాన్నా," అంది పెద్దమ్మ. "డెబ్భై మూడొచ్చాయి. ఈ ఏడుతో చాలించరాదూ?"

"చాలించి?"

"మా ఇంటికి వచ్చెయ్," అని పెద్దమ్మ నావైపు చూసింది. "హ్యాటీ కూడా వస్తుంది. అక్కడ నాలుగొందల మంది చదివే బడి ఉంది. ఇక్కడ ఏడుగురిలో ఒకతిగా కూచుని ఇదేం నేర్చుకుంటోంది?"

"మిగిలిన ఆరుగురి పేర్లూ నేర్చుకుంది," అన్నాడు తాత.

డ్యూయీ నవ్వబోయి కాఫీ మీద పోసుకున్నాడు. అతను కూడా తాతలాగే చేపలు పట్టే సరదా ఉన్నవాళ్ళని సరస్సులోకి తీసుకెళ్ళే కెప్టెన్. వయసులో తాతకంటే పన్నెండేళ్ళు చిన్న. ఆ పన్నెండేళ్ళనీ తాత ఎప్పుడూ ఎత్తిపొడుస్తూ ఉంటాడు.

"నవ్వకు డ్యూయీ," అంది పెద్దమ్మ. "ఇన్నేళ్ళూ పడవలో సాయమున్న మనిషి కాస్తా సున్నపురాయి గనిలో పనికి పోయాడు. రెండో మనిషి ఎవరట ఇప్పుడు?"

"అదుగో," అని తాత పొయ్యి వైపు గరిటె చప్పుడు వస్తున్న చోటికి చెయ్యి చూపించాడు.

"ఇదా! వచ్చినవాళ్ళు నీ పేరేంటమ్మా అని అడిగితే చాలు, ఇది నీళ్ళలోకి దూకేస్తుంది."

"దూకనీ. బోర్డులు దీని పేరు అడగవులే."

అలా నేను తాత పడవలో రెండో మనిషినయ్యాను. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం రాశాను: రేపటి నుంచి పడవ.

*

మా ఎరీ సరస్సులో వాలై చేపలు వేసవిలో నీళ్ళకి బాగా పైకి వస్తాయి. పైకి వస్తే పట్టడం సులువనుకుంటారు కొత్తవాళ్ళు. పడవ చప్పుడు వినగానే అవి రెండు పక్కలకీ తప్పుకుంటాయి. పడవ వెనక గాలాలు లాక్కుంటూ పోతే, అవి ఖాళీ చేసి వెళ్ళిపోయిన దారిలో గాలాలు లాగినట్టు. అందుకే బోర్డులు.

తాత బోర్డులు కొనడు, చేస్తాడు. మూడడుగుల పైన్ చెక్క పలకలు రెండేసి కలిపి బిగించి, ముక్కు ఏటవాలుగా చెక్కి, నారింజ రంగు వేస్తాడు. పడవ మధ్యలో నిలువు కర్ర. దాని పైనుంచి ఒక్కో బోర్డుకీ ఒక్కో తాడు. పడవ మెల్లగా సాగుతుంటే నీళ్ళు ఆ ఏటవాలుని నెట్టి, ఎడమ బోర్డుని ఎడమకీ కుడి బోర్డుని కుడికీ తోసుకుపోతాయి. పడవ ఎంత ముందుకి లాగితే అవి అంత పక్కకి వెళ్తాయి. ముప్ఫై గజాల దూరంలో రెండూ, మనతో పడని చుట్టాల్లా, మనతో పాటే నడుస్తుంటాయి. ఆ తాళ్ళకే క్లిప్పులతో గాలపు దారాలు తగిలించి వదిలితే, వానపాములు గుచ్చిన గాలాలు చేపలు తప్పుకుని వెళ్ళిన చోటికే వెళ్ళి వాటి ముందు ఆడతాయి. చేప అందుకుందంటే క్లిప్పు వదిలేస్తుంది, గాలపు కర్ర ఒక్క కుదుపు కుదుపుతుంది.

ఎడమ బోర్డు కుడివైపు పనికిరాదు. వేస్తే తిన్నగా వచ్చి పడవ కిందే దూరుతుంది. మొదటి రోజు నేనా పనే చేశాను. తాత తిట్టలేదు. "దానికి మనమీద ప్రేమ ఎక్కువైంది," అన్నాడంతే.

రెండో సంగతి కూడా మొదటి రోజే చెప్పాడు. "బోర్డులు వేశాక పడవ ఆగకూడదు. గభాలున తిరగనూ కూడదు. ఆగావా, లాగే బలం పోయి బోర్డులు నిలబడిపోతాయి, దారాలన్నీ మునిగి ఒకదానికొకటి జడలల్లుకుంటాయి. తిరగాల్సి వస్తే పావుమైలు ముందే అనుకోవాలి. పెళ్ళి సంగతి అనుకున్నట్టు."

"మీరు అలాగే అనుకున్నారా తాతా?"

"మీ అమ్మమ్మ అనుకుంది. నేను తిరిగాను."

బోర్డులు వేసిన పడవలో అందరూ పక్కలకీ వెనక్కీ చూస్తారు. చేపలుండేది అటే కాబట్టి. వచ్చినవాళ్ళు ఎడమవైపు ముగ్గురు, కుడివైపు ముగ్గురు కర్రల దగ్గర కూర్చుంటారు. చుక్కాని పట్టుకుని తాత. అటు ముందుకి చూడాల్సింది ఆయనొక్కడే.

అందరికంటే ముందు చేపని కనిపెట్టేది కూడా ఆయనే. తల కూడా తిప్పకుండా, "ఎడమ, రెండో కర్ర!" అనేవాడు. కర్ర పక్కన కూర్చున్నవాడికి అప్పటికి తెలిసేది కాదు.

"డెబ్భై మూడా మీకు? గద్ద కళ్ళు కెప్టెన్!" అనేవాళ్ళు.

"గద్దకి ఈ వయసులో పళ్ళు కూడా ఉండవు. నాకు నాలుగున్నాయి," అనేవాడు తాత.

నేను వానపాములు గుచ్చుతూ, వలతో చేపల్ని అందుకుంటూ, అడిగినదానికి తల ఊపుతూ ఉండేదాన్ని. మధ్యాహ్నం ఒడ్డుకి రాగానే వచ్చినవాళ్ళు చేపల్ని వేలాడదీసి, తాత భుజం మీద చేయి వేసి ఫొటోలు తీయించుకునేవాళ్ళు. తీసేది నేను. ఆ వేసవి ఫొటోలు ఎన్ని ఇళ్ళ గోడల మీద ఉన్నాయో. ఒక్కదాంట్లోనూ నేను లేను.

*

జూన్ మధ్యలో ఒకరోజు, సరస్సు నుంచి లేచిన ఒక్కరోజే బతికే పురుగులు రేవంతా చచ్చిపడి కాళ్ళకింద కరకరలాడుతున్న రోజు, పడవ నేరుగా ఒక జెండా మీదికి పోతోంది. వలలవాళ్ళు వల ఎక్కడుందో గుర్తుకి కట్టుకునే జెండా. మనిషంత ఎత్తు కర్ర, పైన నల్లగుడ్డ. నేను చూశాను. తాత కూడా అటే చూస్తున్నాడు. ఇంకా తిప్పడేమిటా అనుకున్నాను. ఏదో లెక్క ఉండే ఉంటుంది, నాకెందుకు అనుకుని ఊరుకున్నాను. నేనెప్పుడూ అంతే.

ఆ కర్ర పడవ ముక్కుకి తగిలి, కింద గుద్దుకుంటూ పోయి వెనక తేలింది.

"మొద్దు తగిలింది," అన్నాడు తాత అందరితో. "తుపానుకి కొట్టుకొచ్చినట్టుంది."

ఆ మధ్యాహ్నం రేవు దగ్గర బల్ల మీద చేపలు కోస్తున్నాం. తాత చేపని కోసేటప్పుడు చూడడు. బొటనవేలితో వెన్ను తడిమి కత్తి దింపుతాడు. చాలామంది పాతకాలపువాళ్ళు అలాగే కోస్తారు కాబట్టి నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

"తాతా," అన్నాను. "అది మొద్దు కాదు. జెండా."

కత్తి ఆగలేదు. "పెద్దదా?"

"మీ అంత."

ఇంకో రెండు చేపలు కోశాడు. తర్వాత చేతులు బకెట్లో ముంచి కడుక్కుని, నా చెవి వైపు చూస్తూ చెప్పాడు.

"పక్కలు బాగానే కనిపిస్తాయే పిల్లా. బోర్డులు, కర్రలు, అన్నీ. మధ్యలోనే పోయింది. ఎటు చూస్తే అటు ఓ మసక మచ్చ. అద్దం మీద ఎవరో బొటనవేలు పెట్టి రుద్దినట్టు. దేన్ని చూడాలంటే అదే పోతుంది."

ఆయన నా చెవి వైపు చూసి మాట్లాడుతున్నాడని నాకు తెలుసు. చలికాలం నుంచీ తెలుసు. నేనేదో తప్పు చేశానని, నా మొహం చూడడం ఇష్టం లేదనీ అనుకుంటూ వచ్చాను. డైరీలో రెండుసార్లు రాసుకున్నాను కూడా.

"నా మొహం ఎప్పటి నుంచి కనిపించట్లేదు?"

"కిందటేడు మంచు పడ్డప్పటి నుంచి. ఇలా పక్కకి చూస్తే కాస్త దొరుకుతుంది." తల కొంచెం తిప్పాడు. "పెద్దగా ఏం మారలేదులే. ముక్కు మీ అమ్మదే."

"పెద్దమ్మకి తెలుసా?"

"తెలిస్తే నేను ఇక్కడుంటానా? నువ్వు ఉంటావా?"

నేను ఉప్పు డబ్బా మూత తీసి పెట్టి, పెట్టి తీసి చేస్తున్నాను. వాళ్ళ ఊళ్ళో పెద్దమ్మ ఇంట్లో నాకు చూపించిన గది గుర్తొచ్చింది. ఇస్త్రీ బల్ల ఉండే గది.

"నేను చెప్పను," అన్నాను.

*

మర్నాడే దారం కట్టుకున్నాం. అది నా ఆలోచనే. నాకు అరవడం రాదు. అరిచినా ఇంజను చప్పుడులో వినబడదు. వినబడితే వచ్చినవాళ్ళకీ వినబడుతుంది. అందుకని సన్నని నల్లదారం ఒక కొస తాత ఎడమ మణికట్టుకి కట్టి, అంచు పక్కనుంచి తీసుకెళ్ళి, రెండో కొస నా వేలికి చుట్టుకుని పడవ ముక్కు మీద కూర్చున్నాను. ఒక్కసారి లాగితే ఎడమకి. రెండుసార్లు లాగితే కుడికి. అంతే.

పడవ ముక్కు మీద నేను చాలా దూరం చూసేదాన్ని. జెండాలు, పెద్ద పడవలు, తేలుతున్న మొద్దులు, ఎదురుగా వచ్చే బోర్డుల పడవలు. పావుమైలు ముందే దారం లాగేదాన్ని. పడవ మెల్లగా, తానే అనుకున్నట్టు తిరిగేది. వేలికి అటునుంచి చిన్నగా ఒక లాగు వచ్చేది. సరే అని. ఒక్కోసారి ఎదురుగా ఏమీ లేకపోయినా తాత ఊరికే లాగేవాడు. ఉన్నావా అని. నేనూ లాగేదాన్ని.

నాతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు అప్పటివరకూ. జూన్ చివర, జూలై మొదట్లో డైరీలో రోజుకి రెండు పేజీలు రాశాను.

జూలైలో బడివాళ్ళ వైద్యపరీక్షకి అవతలి ఒడ్డు ఆసుపత్రికి వెళ్ళాను. తాత లైసెన్సుకి కూడా అక్కడే చూస్తారు. కళ్ళ పరీక్ష గదిలో గోడకి వేలాడే అట్ట మీది అక్షరాలు చూసి, బయటికి రాగానే డైరీ వెనక పేజీలో రాసుకున్నాను. ఇంటికొచ్చాక ఉదయం కాఫీల దగ్గర తాతకి చెప్పించేదాన్ని.

"ఈ. ఎఫ్, పి. టి, ఓ, జెడ్. ఎల్, పి, ఈ, డి," అనేవాడు తాత కళ్ళు మూసుకుని. "ఇదేం భాష! తాగినవాడు పేరు చెబుతున్నట్టుంది."

"మరీ గబగబా చదవకండి తాతా. ఆగి ఆగి చదవాలి."

"కింది వరసలో ఒకటి తప్పు చదువుతా. అన్నీ సరిగ్గా చదివితే అనుమానం వస్తుంది."

"ఏది తప్పు చదువుతారు?"

"సి ని జి అంటా. అది గౌరవమైన తప్పు."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. మేమిద్దరం దొంగతనానికి బయల్దేరుతున్నంత సంతోషంగా ఉన్నాం.

*

జూలై ఆఖరి వారం. గాలి లేదు. నీళ్ళు రేకులా మెరుస్తున్నాయి. ఆ రోజు వచ్చినవాళ్ళలో పెద్ద గడ్డి టోపీ పెట్టుకున్న ఒకాయన ఉన్నాడు. ఊరికే కూర్చోలేని మనిషి. చేపలు పడకపోతే జోకులు చెప్పేవాడు, పడితే ఇంకా ఎక్కువ చెప్పేవాడు.

దూరంగా, మాకు ఎదురుగా కొంచెం ఎడమవైపు, చిన్న అల్యూమినియం పడవ ఒకటి కదలకుండా ఉంది. ఇంజను ఆగిపోయినట్టుంది. అందులో ఒకామె ఇంజను తాడు లాగుతోంది. ఒక చిన్నపిల్ల, ఎర్రటి లైఫ్ జాకెట్టు. మా పడవ తగలకుండా పోతే చాలదు. మా ఎడమ బోర్డు ముప్ఫై గజాలు పక్కన ఉంది. దాని తాడు కర్ర పైనుంచి నీళ్ళ దాకా ఏటవాలుగా సాగి ఉంది. ఆ తాడు కూడా వాళ్ళని దాటాలి. కుడికి బాగా తిప్పాలి, ఇప్పుడే. రెండుసార్లు లాగడానికి దారం బిగించాను.

అప్పుడే టోపీ ఆయన అంచు పట్టుకుని ముందుకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏం పాపా, పొద్దుట్నుంచీ ఒక్క మాట లేదు! మీ తాతే అన్నీ మాట్లాడేస్తాడా, నీకేం మిగల్చడా?"

నేను నవ్వినట్టు చేశాను.

"ఇదేంటి? గంటా?" అని దారం పట్టుకుని, చిన్నపిల్లలు గుడిగంట లాగినట్టు ఒక్క లాగు లాగాడు.

పడవ ఎడమకి తిరగడం మొదలుపెట్టింది.

వదలండి అనాలి. ఆ ఒక్క మాట. నాకు పెద్దవాళ్ళతో, అందులోనూ కొత్తవాళ్ళతో, వదలండి అనడం రాదు. దారం ఆయన చేతిలో ఉండగానే నా వైపు నుంచి రెండుసార్లు లాగాను. ఆయనది ఒకటి, తర్వాత నావి రెండు. మూడు లాగులకి మేం ఏ అర్థమూ పెట్టుకోలేదు. పడవ ఎటూ తేల్చుకోనట్టు ఊగింది. ఆ చిన్నపిల్ల జాకెట్టు మీద తెల్లటి బాతు బొమ్మ కనిపించేంత దగ్గరికి వచ్చేశాం.

"తాతా! కుడికి!"

నా గొంతే అది. సన్నగా, పిల్లి గొంతులా వచ్చింది.

తాత చుక్కాని చక్రం మొత్తం కుడికి కొట్టాడు. మా పడవ వాళ్ళకి నాలుగు గజాల్లో పక్కనుంచి దాటింది. తాడు దాటలేదు. తలంత ఎత్తులో బిగిసి ఉన్న తాడు వాళ్ళ మీదుగా గీసుకుంటూ పోయింది. ఆమె పిల్లని కిందికి నొక్కి దాని మీద పడుకుంది. తాడు ఆమె వీపు మీద నుంచి జారింది. వెనకే గాలాలు వస్తున్నాయి. అప్పటికి తాత కత్తి తీసి తాడు కోసేశాడు. బోర్డు ఆగిపోయి, నీళ్ళలో ఒరిగి, అక్కడే ఉండిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆమె చెవి పక్కన తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలింది, అంతే. పిల్ల ఏడవలేదు కూడా. ఆమె లేచి కూర్చుని మమ్మల్ని చూసింది. ఏమైనా తిడుతుందనుకున్నాను. ఊరికే చూసింది. కెప్టెన్ చూడలేదా అని ఆమెకి అర్థం కానట్టుంది.

తాత వెనక్కి తిరిగి, వాళ్ళకి తాడు అందించి, రేవు దాకా లాక్కొచ్చాడు. దారిలో నా దగ్గరగా వంగి అడిగాడు.

"ఎంతమంది?"

"ఇద్దరు."

"రెండోది చిన్నదా?"

"ఆరేళ్ళుంటాయి."

మళ్ళీ చుక్కాని వైపు తిరిగాడు.

సాయంత్రం డ్యూయీ వచ్చాడు. తాత వరండాలో కూర్చుని అతనికి చెప్పడం వంటింట్లోంచి విన్నాను. "సరిగ్గా నా దారిలోకి కొట్టుకొచ్చారు డ్యూయీ. బోర్డులు వేసిన పడవకి అడ్డం రాకూడదని కూడా తెలియదు ఈకాలం వాళ్ళకి. నేను చూశాను కాబట్టి సరిపోయింది."

"నువ్వు కాబట్టి," అన్నాడు డ్యూయీ. "ఇంకోడైతే గుద్దేసేవాడు."

"ఇంకోడంటే నువ్వేగా."

ఇద్దరూ నవ్వారు. నేను కడిగిన పళ్ళెమే మళ్ళీ కడిగాను.

మర్నాడు పొద్దున తాత కొత్త బోర్డుకి చెక్క కోస్తున్నాడు. రంపాన్ని వేలితో తడుముకుంటూ, గీత వెంట.

"దారం పొట్టిది కట్టుకుందాం," అన్నాడు. "మధ్యలో ఎవడి చేతికీ అందకుండా కిందనుంచి తీద్దాం. మూడు లాగులకి కూడా ఏదో ఒకటి అనుకోవాలి."

"తాతా, మానేద్దాం."

రంపం ఆగింది.

"ఆ పిల్ల తల ఇంతే ఉంది తాతా, అంచు మీద. వాళ్ళమ్మ కిందికి నొక్కకపోతే—"

"నొక్కింది కదా."

"ఇంకోసారి నొక్కకపోతే?"

"మానేస్తే ఏమవుతుందో తెలుసా నీకు? నువ్వు ఆ ఇస్త్రీ గదిలో, నేను లొరేన్ వాళ్ళ హాల్లో టీవీ ముందు. వినడానికి. అది కావాలా నీకు?"

నాకు అక్కర్లేదు. ఆ వేసవికి ముందు నాకు ఎవరూ లేరు. ఆ దారం కొసన ఒక మనిషి దొరికాడు. ఆ దారం నాకు అక్కర్లేదని ఎలా చెప్పగలను?

ఆదివారం అమ్మ ఏదో రేవు నుంచి ఫోన్ చేసింది. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో మగవాళ్ళు కేకలు.

"ఎలా ఉన్నావే? తాత ఎలా ఉన్నాడు?"

"అమ్మా, తాతకి—"

"కాస్త గట్టిగా చెప్పవే, వినబడట్లా."

తాత పక్కగదిలోనే ఉన్నాడు. "బాగున్నాడు," అన్నాను.

"చూసుకో తల్లీ. నీ మీద భారం వేసి తిరుగుతున్నా. పెట్టేస్తున్నా, వెనక జనం ఉన్నారు."

ఆ వారమంతా బోర్డులు వేసుకుని తిరిగాం. ఎర్రజాకెట్టు ఏది కనబడినా, మైలు దూరంలో ఉన్నా, దారం లాగేసేదాన్ని. చేపలున్న చోటు వదిలేసి పడవ పాములా వంకరలు తిరిగింది. వచ్చినవాళ్ళు విసుక్కున్నారు. తాత దారం లాగి ఉన్నావా అని అడగడం మానేశాడు. నేను మానేశానేమో ముందు.

*

ఆగస్టు పన్నెండు. తాత తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఫెర్రీలో కూర్చుని పెదాలు కదుపుతూనే ఉన్నాడు, జపం చేస్తున్నట్టు. ఫెర్రీ దిగేముందు నా మోచెయ్యి పట్టుకున్నాడు. మెట్లకోసం కాదు, ఊరికే.

నర్సు చిన్నవయసుది. జుట్టు పైకి ముడేసుకుంది.

"ఆ గీత మీద నిలబడండి కెప్టెన్ గారూ. కుడికన్ను మూసుకోండి. ఎంత కిందిదాకా చదవగలిగితే అంత."

తాత గొంతు సవరించుకున్నాడు. ఆగి ఆగి చదివాడు. మూడో వరసలో కొంచెం ముందుకి వంగాడు. అది మేం అనుకున్నది కాదు, సొంతంగా కలిపాడు. కింది వరసలో సి ని జి అన్నాడు. తర్వాత ఎడమకన్ను మూసుకుని అదే మళ్ళీ.

"అబ్బో," అంది నర్సు. "నా కళ్ళే నయం కాదు మీ ముందు."

"సరస్సు గాలమ్మా," అన్నాడు తాత.

ఆమె కలం తీసి కాగితం మీదికి వంగింది.

పోయిన నెల నా కళ్ళు చూసినప్పుడు, మొదటి అట్ట అయ్యాక ఆమే దాన్ని పైకెత్తి వెనక ఉన్న రెండో అట్ట చదివించింది. పిల్లలు బట్టీ పట్టేస్తారని. ఆ రెండోదాని గురించి తాతకి చెప్పలేదు నేను. మొదట్లో మరిచిపోయాను. తర్వాత మరిచిపోలేదు.

"వెనక ఇంకోటి ఉంది," అన్నాను.

"ఏంటమ్మా?"

"ఆ అట్ట వెనక ఇంకో అట్ట. నాకు అది కూడా చదివించారు."

"అవును కదా," అందామె. పెద్దవాళ్ళకి అక్కర్లేదని అనుకుందో ఏమో, ఒక్కక్షణం నన్నూ తాతనీ చూసింది. తర్వాత కలం పెట్టేసి వెళ్ళి మొదటి అట్ట ఎత్తి వెనక్కి తిప్పింది.

తాత చెయ్యి ఇంకా కంటి మీదే ఉంది.

"పైనున్నది ఒక్కటి చదవండి చాలు. పెద్దది."

ఫ్యాను తిరుగుతోంది. ఎవరో బయట బెంచీ జరిపారు.

"ఈ," అన్నాడు తాత.

అది ఈ కాదు.

"సరే," అంది నర్సు. గొంతు మారింది. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు అయిపోయింది. "కాసేపు ఇలా కూర్చోండి పెద్దాయనా. డాక్టరు గారిని పిలుచుకొస్తాను." వచ్చినప్పుడు కెప్టెన్ గారూ అంది.

తలుపు పక్కన రెండు కుర్చీలున్నాయి. తాత తడుముకుని ఒకదాంట్లో కూర్చున్నాడు. నేను రెండోదాంట్లో కూర్చోలేదు.

"ఆ రెండోదాంట్లో మొదట ఏముంది?" అని అడిగాడు.

"గుర్తులేదు."

"నీకన్నీ గుర్తుంటాయి," అన్నాడు తాత.

*

తిరుగు ఫెర్రీలో ఆయన కింద కూర్చున్నాడు, కార్ల మధ్య. నేను పైన. పక్క రేవులో డ్యూయీ తన పడవ కడుగుతున్నాడు.

"పాసయ్యావా ముసలోడా?" అని కేకేశాడు.

తాత ఆగలేదు. "దాన్నడుగు," అన్నాడు.

డ్యూయీ నావైపు చూశాడు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. నేనూ ఆగలేదు.

ఇంట్లో ఎవరూ లేరు. తాత తెల్లచొక్కా విప్పి కుర్చీ వీపుకి తగిలించి, తన గదివైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగాడు, నాకు వీపు పెట్టి.

"లొరేన్‌కి ఫోన్ చెయ్. శనివారం వచ్చి నీ సామాను తీసుకుపొమ్మను. బడి తెరిచేలోగా."

"నేను వెళ్ళను తాతా. ఇక్కడే ఉంటాను. వంట చేస్తాను. అమ్మ ఉత్తరాలు, పేపరు, అన్నీ నేను చదివిపెడతాను."

"నాకింక చదివిపెట్టేవాళ్ళు వద్దు," అన్నాడు.

లోపలికి వెళ్ళి ఇటు తిరిగాడు. పిడి ఎక్కడుందో వేళ్ళతో తడిమి పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.